కంచం మార్చినా తేడా తేలకపోతే

తమ్ముడూ, చిన్న కంచంలో పెడితే తక్కువ తింటారా అని చూడ్డానికి పర్లాకిమిడి హాస్టల్లో సోమవారం పెద్ద కంచం, మంగళవారం చిన్న కంచం పెట్టి పఖాళ (నీళ్లు పోసిన ఒడియా చద్దన్నం) తూచావు, తేడా రాలేదన్నావు. చిక్కు ముందు పఖాళలోనే ఉంది. గరిటె గరిటెకీ నీళ్లు మారతాయి, నీ తక్కెడ ఆ నీళ్లనే తూచింది. పొడి అన్నం, విడిగా గిన్నెలో డాల్మా (కూరగాయలు వేసిన ఒడియా పప్పు) పెట్టు. పఖాళే కావాలంటే అన్నం వడకట్టి తూచి, నీళ్లు కొలిచి కలుపు. మిగిలినదీ అదే జల్లెడలో రెండు నిమిషాలు ఓడ్చి తూచు.

రెండోది వడ్డన. "ఇంకొంచెం వెయ్యనా" అంటే మొహమాటానికి తినేస్తారు. ఒక్కొక్కరికీ 600 గ్రాముల అన్నంతో మూతగిన్నె ఇచ్చి, వాళ్లనే వడ్డించుకోమను. గిన్నెలో తగ్గిన బరువులోంచి కంచంలో మిగిలింది తీసెయ్యి. గ్రాము వరకూ చూపే ఎలక్ట్రానిక్ తక్కెడ చాలు. తీసి పక్కన పెట్టిన కరివేపాకు, మిరపకాయలు డాల్మాలో మిగిలినదాని లెక్కలోకి వస్తాయి, మరవకు.

సగం మందికి ముందు చిన్న కంచం, మిగతావాళ్లకి పెద్దది. వారం తర్వాత అదే రోజు, అదే కూరతో మార్చు. భోజనానికి ముందు మూడు గంటలు ఏమీ తినకూడదు. ఎవరికి వారు విడిగా కూర్చోవాలి, పక్కవాడి జోరు అంటుకుంటుంది. ఉద్దేశం ముందే చెప్పకు. సగటులు కాదు, ఒక్కో మనిషిలో వచ్చిన తేడా చూడు.

అయినా కంచం సైజు మీద ఆధారాలు బలహీనం. ఆ రంగంలో పేరుపడ్డ అమెరికా పరిశోధకుడు వాన్సింక్ వ్యాసాలు ఆరింటిని 2018లో జామా అనే అమెరికా వైద్య పత్రికలు వెనక్కి తీసుకున్నాయి. వడ్డించే పరిమాణం మారిస్తే ఫలితం గట్టిగా వస్తుంది: 2002లో అమెరికా పోషకాహార శాస్త్రవేత్త రోల్స్ బృందం 500 గ్రాములకు బదులు 1000 గ్రాముల మాకరోనీ (చీజ్ వేసిన పాస్తా) పెడితే 30 శాతం ఎక్కువ తిన్నారు. నేనైతే గిన్నెలో 400, 800 గ్రాములు పెట్టి చూడమంటాను.