ఒరేయ్ చిన్నా, నా పాత సీడీలు కొత్త ల్యాప్‌టాప్‌లో ఎక్కించే ముందు ఇది చదువు

ఒరేయ్ చిన్నా,

నువ్వు రాత్రి పదకొండింటికి పెట్టిన వాయిస్ మెసేజ్ పొద్దున కాఫీ తాగుతూ విన్నాను. ల్యాప్‌టాప్‌ని అటు తిప్పి ఇటు తిప్పి చూసినా సీడీ పెట్టే చోటు కనపడలేదనీ, షాపువాడు డ్రైవ్ పీకేసి అమ్మాడేమోననీ అన్నావు చూడు, నవ్వు ఆగలేదు నాకు. వాడేం పీకలేదురా, ఇప్పుడొచ్చే వాటిల్లో దాదాపు దేనికీ ఉండదు. ఫోన్లో చెప్తే నువ్వు ఊఁ ఊఁ అంటూ సగం వదిలేస్తావని టైప్ చేసి పంపుతున్నా, పక్కన పెట్టుకుని ఒక్కోటీ చేసుకో. మాఘమాసం ముహూర్తాలకి ఇంకా టైం ఉంది కదా, శుభలేఖల ఆర్డర్లు మొదలయ్యేలోపు అయిపోద్దిలే.

ముందు నీకు పంపిన బిస్కెట్ల డబ్బా మళ్ళీ తెరువు. సీడీలు చూశావు సరే, అడుగున ఒక ప్లాస్టిక్ కవర్లో కాగితాలు ఉన్నాయి, అవి చూశావా? లైసెన్స్ అంటే ఆ కాగితాలేరా, సీడీ కాదు. సీడీ బండి లాంటిది, సరుకు తెచ్చి ఇంట్లో దించాక దాని పనైపోద్ది. బండి చెడిపోతే ఎవరి దగ్గరన్నా ఇంకోటి అడిగి తెచ్చుకోవచ్చు, సీరియల్ నంబర్ పోతే మాత్రం ఎవణ్ణి అడుగుతావు? అందుకని ఇవాళే చెయ్యాల్సింది ఏంటంటే, కాగితాలు, సీడీ పెట్టె వెనకాల స్టిక్కర్లు, బిల్లులు అన్నీ ఫోన్‌తో ఫోటో తీసి, నీకు నువ్వే మెయిల్ చేసుకో, ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లో పెట్టు. స్టిక్కర్ మీద సున్నా ఏదో ఓ ఏదో సరిగ్గా తెలియకపోతే ఇప్పుడే నన్ను అడుగు, ఇంకో నాలుగేళ్ళకి నా కళ్ళకి కూడా ఆనవు.

పేజ్‌మేకర్‌కి, అదే మనం శుభలేఖలు కూర్చే సాఫ్ట్‌వేర్‌కి, రెండు నంబర్లుంటాయి, కంగారుపడకు. నేను ముందు 6.5 కొన్నాను, తర్వాత 7.0కి అప్‌గ్రేడ్ ప్యాక్ తీసుకున్నా, అప్‌గ్రేడ్ అయ్యేసరికి ఎక్కించేటప్పుడు పాతదాని నంబర్ కూడా అడుగుద్ది. ఆ పాత సీడీ గీతలు పడి పాడైపోయింది, అయినా పారెయ్యకుండా పెట్టె దాచింది దాని వెనక నంబర్ కోసమే. 7.0 వచ్చింది 2001లో, ఆ తర్వాత అడోబీ వాళ్ళు దాన్ని ఇక పెంచలేదు, అందరూ తమ కొత్త సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌కి పొండి అన్నారు. మన వాళ్ళు పోలేదనుకో, పాతికేళ్ళ నుంచి అదే. దీనిలో ఒక సుఖం ఏంటంటే నెట్‌లో యాక్టివేషన్ గొడవ, అంటే కంపెనీ సర్వర్ ఒప్పుకుంటేనే నడవడం, లేదు, నంబర్ కొడితే చాలు. దాని తర్వాత అడోబీ వాళ్ళే తెచ్చిన సీఎస్2 లాంటి సాఫ్ట్‌వేర్లు కొన్నవాళ్ళు, కంపెనీ ఆ యాక్టివేషన్ సర్వర్లు మూసేసేసరికి అవస్థ పడ్డారు.

ఇప్పుడు సీడీ సంగతి. బయట పెట్టుకునే యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ దొరుకుద్ది, నేను పదిహేను వందలకి కొన్నాను. కొనకపోయినా పర్లేదు, ఈ పని ఒక్కసారే కాబట్టి ఎవరిదన్నా ఒక పూట అడిగి తెచ్చుకో, మీ వీధిలో ఫోటో స్టూడియో వాళ్ళ దగ్గర కచ్చితంగా ఉంటది, పెళ్ళి వీడియోలు డీవీడీల్లో ఇచ్చిన రోజులు మరీ పాతవేం కాదు కదా. కొన్నిటికి వైరు చివర రెండు యూఎస్‌బీ మూతులుంటాయి, రెండోది కరెంటు కోసం, ఒకటే పెడితే డ్రైవ్ టిక్కు టిక్కుమని తిరిగి ఆగిపోద్ది, సీడీ పాడైందనుకుని నువ్వు బెంబేలెత్తిపోతావు. రెండూ పెట్టు, హబ్‌కి కాకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టు.

సీడీ తుడిచేటప్పుడు గుండ్రంగా రుద్దకు, మధ్యలోంచి అంచుకి తిన్నగా తుడువు, మెత్తటి నూలు గుడ్డతో. ఇంకోటి, అందరూ మెరిసే వైపే జాగ్రత్తగా చూస్తారు గానీ సీడీకి అసలు ప్రాణం పేరు రాసి ఉన్న వైపే ఉంటది, డేటా పొర సరిగ్గా ఆ పెయింటు కిందే ఉంటది. మెరిసే వైపు చిన్న గీత పడినా చదువుద్ది, పై వైపు గోరుతో గీరావో అంతే సంగతులు. బాల్‌పెన్నుతో దాని మీద ఏమీ రాయకు. (మీ పెదనాన్న ఒకసారి నా ఫాంట్ల సీడీ మీద పాలవాడి లెక్క రాశాడు, ఆ కథ ఇప్పుడొద్దులే.)

డ్రైవ్ చేతికొచ్చిందని నేరుగా సీడీలోంచి సెటప్ నొక్కకు. ముందు ప్రతి సీడీని ఐఎస్ఓ ఫైల్ కింద తీసుకో, అంటే సీడీ మొత్తాన్ని ఉన్నదున్నట్టుగా ఒకే ఫైల్‌లోకి దించడం. ఇమ్గ్‌బర్న్ అని ఉచితంగా దొరుకుద్ది, దాంతో అయిపోద్ది, ఒక్కో సీడీ 700 ఎంబీ లోపే కాబట్టి పెద్ద చోటు కూడా పట్టదు. లోపలున్న ఫైళ్ళు కాపీ చేసి ఫోల్డర్లో పడేస్తే చాలదా అంటావేమో, కొన్నిటికి చాలుద్ది, కొన్ని సెటప్‌లు మాత్రం సీడీకి పెట్టిన పేరు చూస్తాయి, అది కనపడకపోతే సీడీ పెట్టు సీడీ పెట్టు అని పోరు పెడతాయి. ఐఎస్ఓ అయితే ఆ పేరు కూడా వచ్చేస్తది. విండోస్ 8 నుంచీ ఐఎస్ఓ మీద డబుల్ క్లిక్ చేస్తే చాలు, కొత్త డ్రైవ్ లాగా కనపడుద్ది. నీ దాంట్లో జిప్ ఫైళ్ళు తెరిచే విన్‌రార్ ఉంటే డబుల్ క్లిక్‌కి అది తెరుచుకుంటది, అప్పుడు రైట్ క్లిక్ చేసి మౌంట్ అనేది నొక్కు. రీస్టార్ట్ చేస్తే ఆ డ్రైవ్ మాయమైపోద్ది, పోయిందేంట్రా అనుకోకు, మళ్ళీ మౌంట్ చేసుకోవడమే. కాపీ తీయడం తప్పేమోనని భయం వద్దు, కొన్నవాళ్ళు బ్యాకప్ కాపీ పెట్టుకోవచ్చని మన 1957 కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్‌లోనే ఉంది. రెండు చోట్ల వాడటం మాత్రం తప్పు, అందుకే నీ దాంట్లో పని నడవడం మొదలయ్యాక నా దాంట్లోంచి తీసేస్తా.

ఇంత గొడవెందుకు, టెలిగ్రామ్‌లో ఎవడో ఒక్క క్లిక్కుతో ఎక్కేది పెట్టాడు, లైసెన్స్ ఎలాగూ ఉంది కదా, అని నీకు అనిపిస్తుందని తెలుసు, నాకూ అనిపించింది. సీడీ వెతికే ఓపిక లేక ఒకసారి అలాంటిది దించాను, ముందు యాంటీవైరస్ ఆపు అని దాంట్లోనే రాసుంది, ఆపాను, నా బుద్ధి. మూడో రోజుకి కస్టమర్ల ఫైళ్ళన్నీ పేర్లు మారి కూర్చున్నాయి, ఒక్కటీ తెరుచుకోలేదు. పెళ్ళి నాలుగు రోజుల్లో ఉన్న వాళ్ళ కార్డు మొదటి అక్షరం నుంచీ మళ్ళీ కొట్టాను, రాత్రి రెండున్నర దాకా.

ఇక నీ ల్యాప్‌టాప్ ఏ జాతిదో చూడు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్, అక్కడ సిస్టమ్ టైప్ అని ఉంటది. విండోస్ 11 కాబట్టి 64-బిట్ ఎలాగూ ఉంటది, 32-బిట్‌లో అది రానే లేదు. 64-బిట్‌లో పాత 16-బిట్ ప్రోగ్రాములు కదలనే కదలవు, విండోస్ 95 కాలం నాటి కొన్నిటికి అసలు ప్రోగ్రాము 32-బిట్ అయినా దాన్ని ఎక్కించే సెటప్ మాత్రం 16-బిట్ ఉండేది, గుమ్మం దగ్గరే ఆగిపోతాయి అవి. పేజ్‌మేకర్ 7కి ఆ బాధ లేదు. అబౌట్‌లో ఆర్మ్ అని (అది వేరే రకం ప్రాసెసర్) ఉంటే నాకు వెంటనే చెప్పు, ఎందుకంటే దాంట్లో పాత ప్రోగ్రాములు చాలావరకు నడుస్తాయి గానీ తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్‌కి లాక్ అని ఒక చిన్న ముక్క ఉంటది, అది కంప్యూటర్‌కి తగిలిస్తేనే సాఫ్ట్‌వేర్ నడుస్తది, దాని డ్రైవర్ మాత్రం ఆర్మ్ కోసం విడిగా చేసింది ఉంటేనే పని చేస్తది. ఎస్ మోడ్ అని ఉంటే స్టోర్‌లోవి తప్ప ఏమీ ఎక్కనివ్వదు, ఆ మోడ్ తీసెయ్యొచ్చు, డబ్బులేం అడగదు, కాకపోతే ఒకసారి తీస్తే మళ్ళీ పెట్టుకోలేవు.

సెటప్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఇవ్వు. నీలం రంగు పెట్టె వచ్చి మీ పీసీని కాపాడాం అంటే మోర్ ఇన్ఫో నొక్కి రన్ ఎనీవే, ఇది మన సొంత సీడీ కాబట్టి చెప్తున్నా, దొరికిన ప్రతిదానికీ నొక్కమని కాదు. ఎక్కడ ఎక్కించాలి అని అడిగితే ప్రోగ్రామ్ ఫైల్స్ వద్దు, సీ డ్రైవ్‌లో పీఎం7 అని చిన్న ఫోల్డర్ చేసి అక్కడ పెట్టు. ఆ కాలం ప్రోగ్రాములకి తమ సెట్టింగ్స్ తమ ఫోల్డర్లోనే రాసుకునే అలవాటు, ప్రోగ్రామ్ ఫైల్స్‌లో విండోస్ రాయనివ్వదు, రాసినట్టు నటించి ఎక్కడో దాస్తది.

తర్వాత ప్రింటర్. పేజ్‌మేకర్‌కి ప్రింటర్ లేకుండా ఊపిరాడదు. నీకు ఇంకా ప్రింటర్ రాలేదు కాబట్టి విండోస్‌లో ఉండే ప్రింట్ టు పీడీఎఫ్‌నే డిఫాల్ట్‌గా పెట్టు. డిఫాల్ట్ ప్రింటర్‌ని విండోసే చూసుకుంటది అనే ఆప్షన్ ఒకటుంటది, అది తీసెయ్, లేకపోతే నీకు చెప్పకుండా మారుస్తూ ఉంటది. నువ్వు డాక్యుమెంట్ సెటప్‌లో కంపోజ్ టు ప్రింటర్ దగ్గర ఏది పెడితే దాని కొలతల ప్రకారమే అది లైన్లు విరుస్తది, ప్రింటర్ మారితే నిన్న సరిగ్గా కూర్చున్న పేరా ఇవాళ ఒక లైను కిందకి జారుద్ది. శుభలేఖలో వరుడి తండ్రి పేరు ఒక లైన్లో, ఇంటిపేరు ఇంకో లైన్లో పడితే ఊరంతా చూస్తారు.

తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేరే అన్నిటికంటే కష్టం, దీనికి ఒక పూట పెట్టుకో. ఇవి ఫోన్లలో, నెట్‌లో వాడే యూనికోడ్ ఫాంట్లు కావు, అక్షరాలన్నీ ఇంగ్లీషు అక్షరాల సీట్లలో కూర్చుని ఉంటాయి, ఆ ఫాంటు లేకపోతే నా ఫైళ్ళన్నీ పిచ్చి గీతల్లా కనపడతాయి. అందుకని ముందు ఫాంట్లు, ఆ తర్వాతే ఫైళ్ళు తెరవడం. ఫైల్ తెరవగానే పేనోస్ అని పెట్టె వచ్చి ఈ ఫాంటు లేదు, బదులు ఇంకోటి పెట్టనా అంటే పొరపాటున కూడా ఓకే కొట్టి సేవ్ చెయ్యకు, క్యాన్సిల్ చేసి బయటికొచ్చి ఫాంట్లు చూసుకో. ఫాంట్లు ఎక్కించేటప్పుడు రైట్ క్లిక్‌లో అందరు యూజర్లకీ అనేదే ఎంచుకో.

నా లాక్‌లు రెండున్నాయి. లావుపాటిది, 25 పిన్నులది, పాత ప్రింటర్ పోర్టుకి పెట్టేది, అది పక్కన పడెయ్. యూఎస్‌బీ నుంచి ప్రింటర్ పోర్టుకి మార్చే వైరు కొంటానంటావేమో, ఆ వైర్లు ప్రింటర్‌కే పనికొస్తాయి, లాక్‌కి పనికిరావు, నేను కొని డబ్బులు దండగ చేసుకున్నా. చిన్న యూఎస్‌బీ లాక్ వాడు. దాని డ్రైవర్ సీడీలో ఉన్నది ఎక్కించకు, అది 32-బిట్ది, 64-బిట్ విండోస్ దాన్ని ఒప్పుకోదు, లాక్ తయారు చేసిన కంపెనీ సైట్‌లో కొత్త డ్రైవర్ చూసుకో. డ్రైవర్ ఎక్కేదాకా లాక్ పెట్టకు, ఎక్కాక పెట్టు. అప్పటికీ గుర్తుపట్టకపోతే అడ్డుపడేది విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్ కింద ఉండే మెమరీ ఇంటిగ్రిటీ అనే కాపలా అయ్యుండొచ్చు, అది పాత డ్రైవర్లని ఆపుతుంటది. దాన్ని తీసెయ్యమని నేను చెప్పను, బ్యాంకు పనులు కూడా అదే ల్యాప్‌టాప్‌లో చేస్తావు. అలాంటప్పుడు వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టి లోపల నా పాత విండోస్ 7 వేసుకుందాం, దాని ఒరిజినల్ డీవీడీ, కీ డబ్బాలోనే ఉన్నాయి, లోపలిదానికి నెట్ ఇవ్వకుండా వాడుకోవచ్చు. అది చివరి దారి, ఇప్పుడే మొదలుపెట్టకు.

ఇది మాత్రం ఎవరూ చెప్పరు, నాకు రెండు రోజులు పట్టింది కనుక్కోడానికి. పేజ్‌మేకర్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, తెలుగు కీబోర్డు మేనేజర్‌ని మామూలుగా తెరిచావనుకో, నోట్‌ప్యాడ్‌లో తెలుగు చక్కగా పడుద్ది, పేజ్‌మేకర్‌లో మాత్రం పడదు. పై హోదాలో నడిచే దానిలోకి కింది హోదాది వేలు పెట్టకూడదని విండోస్ రూలు. రెండూ ఒకే హోదాలో తెరువు, రెండూ అడ్మినిస్ట్రేటర్ అన్నా కావాలి, రెండూ మామూలు అన్నా కావాలి. తెలుగు కీబోర్డు లేఅవుట్లలో ఆపిల్ అనే పేరుది పెట్టుకో, మీ అమ్మకి కూడా అదే వచ్చు, నువ్వు లేనప్పుడు తను కొడుతుంది.

ఆఫీస్ 2007 సీడీ కూడా ఉంది, అది వదిలెయ్. కంపెనీ దాన్ని చూసుకోవడం 2017 అక్టోబర్‌లోనే మానేసింది, కస్టమర్లు మెయిల్లో పంపే వర్డ్ ఫైళ్ళు దాంట్లో తెరవడం మంచిది కాదు. లిబర్‌ఆఫీస్ ఉచితం, అది వేసుకో చాలు. పేజ్‌మేకరూ పాతదే కదా అంటావు, దాంట్లో మనం మన ఫైళ్ళే తెరుస్తాం కాబట్టి నాకు భయం లేదు.

అన్నిటికంటే ముఖ్యం, నీ పాత డెస్క్‌టాప్‌ని అప్పుడే ఎక్స్ఛేంజ్‌కి ఇవ్వకు. నేనొకసారి తొందరపడి పాత సీపీయూ ఇచ్చేసి రెండు వేలు తెచ్చుకున్నా, ఆ తర్వాత తెలిసింది ఒక ఫోటోల సాఫ్ట్‌వేర్ లైసెన్స్ దానికే తగులుకుని ఉందని, ఫోన్ చేస్తే పాత మెషిన్‌లో డీయాక్టివేట్ చెయ్యండి మేడం అన్నారు, ఆ మెషిన్ అప్పటికి ఏ ఊళ్ళో ఉందో. కొత్తదాంట్లో ఒక పనన్నా పూర్తిగా చేసి, ప్రెస్‌కి పంపి, అచ్చు చేతికొచ్చేదాకా పాతది కదపకు.

టెస్ట్‌కి పెన్‌డ్రైవ్‌లో మీ అమ్మానాన్నల పెళ్ళి శుభలేఖ ఫైల్ పెట్టాను, ఆ కార్డు కొట్టింది నేనే. తెరిచి ప్రింట్ తియ్యి, అసలు కార్డు మీ అమ్మ బీరువాలో పట్టుచీరల కింద ఉంటది, రెండూ పక్కపక్కన పెట్టి చూడు. లైన్లు ఒకేచోట విరిగాయా, "జ్యేష్ఠ" అనే మాటలో ఒత్తులు సరిగ్గా కూర్చున్నాయా, అది ఒక్కటి సరిగ్గా పడిందంటే మిగతావన్నీ పడినట్టే. రెండిటి ఫోటో వాట్సాప్‌లో పెట్టు, చూసి చెప్తా. డబ్బా మాత్రం తిరిగి పంపించెయ్, అందులో నా పాత కటింగ్ బ్లేడు ఉండిపోయింది.

మీ పెద్దమ్మ