లైసెన్స్ సస్పెండ్ అయింది, వడ్డీకి తెచ్చి నెట్టుకురావచ్చా?

ప్రశ్న: తిరుపతిలో సొంత కారుతో ట్యాక్సీ నడుపుతాను. కాణిపాకం ట్రిప్పుల్లో ఎక్కువ డబ్బులు అడిగానని, దురుసుగా మాట్లాడానని రెండు ఫిర్యాదులు వెళ్లాయి. లైసెన్స్ 3 నెలలు సస్పెండ్ చేశారు. అప్పీలు చేసుకోవాలనుకుంటున్నాను. కారు ఈఎంఐ రూ.14,200, ఇంటి ఖర్చు రూ.18,000. చేతిలో ఏమీ లేదు. తెలిసినాయన నూటికి 5 రూపాయల వడ్డీకి లక్ష ఇస్తానంటున్నాడు. లైసెన్స్ రాగానే తీర్చేస్తాను. తీసుకోవచ్చా?

జవాబు: వద్దండీ. నూటికి 5 అంటే ఏడాదికి 60 శాతం. మీ ఈఎంఐ, ఇంటి ఖర్చు కలిపితే 3 నెలలకు రూ.96,600. అంటే లైసెన్స్ చేతికొచ్చే రోజుకు లక్షా అయిపోయి ఉంటుంది, పైన రూ.15,000 వడ్డీ కూర్చుని ఉంటుంది. అప్పుడు రోజూ కారు తీసేది ఆ వడ్డీ కట్టడానికే. అప్పీలు నెగ్గుతామన్న నమ్మకంతో ఇలాంటి అప్పులోకి దిగినవాళ్ల ఉత్తరాలు నాకు వస్తూనే ఉంటాయి. దయచేసి ఆ పని చేయకండి.

అప్పీలు మాత్రం తప్పకుండా వేయండి. మోటారు వాహనాల చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఆర్డర్ అందిన 30 రోజుల్లోపే వేయాలి. సస్పెండ్ చేసేముందు మీ మాట వినాలి, కారణాలు రాతపూర్వకంగా చూపాలి. మిమ్మల్ని పిలవకుండానే ఆర్డర్ ఇచ్చి ఉంటే ఆ మాటే ముందు రాయండి. ప్రయాణికులతో అమర్యాదగా ప్రవర్తించడం కూడా నిబంధనల్లో సస్పెన్షన్‌కు కారణమే కాబట్టి, గెలుపు ఖాయమని లెక్కలు వేసుకోకండి. ఈలోగా ‘ఒక్క ట్రిప్పే కదా’ అని స్టీరింగ్ పట్టుకోవద్దు. దొరికితే రూ.10,000 జరిమానా, 3 నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ కూడా చిక్కుల్లో పడుతుంది.

మీ కేసు పత్రికలో వేయడానికి కారణం వేరే ఉంది. ట్యాక్సీవాళ్లకు ఆదాయం ఆగిపోవడానికి ఎన్ని దారులో చూడండి: లైసెన్స్, ఎఫ్‌సీ (బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్), ప్రమాదం, జ్వరం. ఈఎంఐ మాత్రం ఆగదు. జీతగాడికి 3 నెలల అత్యవసర నిధి సరిపోతుందేమో గానీ, మీకు 6 నెలలది కావాలి. అంటే రూ.1,93,200. పెద్ద మొత్తమే. కానీ బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, వేసవి సెలవుల్లో రేణిగుంట, శ్రీకాళహస్తి, కాణిపాకం ట్రిప్పులతో మీ చేతిలో ఆడే డబ్బు నాకు తెలుసు. ఆ సీజన్ డబ్బు ఫోన్లకు, ఫంక్షన్లకు పోతోంది. బండి తిరిగిన ప్రతి రోజూ రూ.400 పక్కన పెడితే, నెలకు 25 రోజుల లెక్కన రూ.10,000. ఏడాదిన్నర దాటాక ఈ నిధి తయారవుతుంది. ఇంట్లో డబ్బాలో కాదు, ఏటీఎం కార్డు తీసుకోని వేరే బ్యాంకు ఖాతాలో వేయండి. చీటీలో మాత్రం పెట్టకండి, అవసరమైన నెలలోనే పాట మీకు దక్కుతుందని ఎవరూ చెప్పలేరు.

ఇప్పటికి మాత్రం, సస్పెండ్ అయింది మీ లైసెన్స్ కాబట్టి కారుకు బత్తా (రోజు కూలి) మీద లైసెన్స్ ఉన్న యాక్టింగ్ డ్రైవర్‌ను, అంటే మీ బదులు నడిపే మనిషిని, పెట్టండి. వచ్చినదానిలోంచి ముందు ఈఎంఐ కట్టండి. తక్కువైతే ఇంట్లో బంగారం మీద బ్యాంకులో లోను, అదీ ఇంటి ఖర్చుకు కావలసినంతే. వాయిదా తప్పకముందే బ్యాంకుకెళ్లి సస్పెన్షన్ ఆర్డర్ చూపించి గడువు అడగండి.