అమెరికా అధ్యక్షుడు ఏడాదంతా చేసే పని ఏమిటి?

"అమెరికా అధ్యక్షుడికి నిజంగా రోజూ ఆఫీసు పని ఉంటుందా, లేక ప్రసంగాలు, విమాన ప్రయాణాలు, సంతకాలతోనే కాలం గడిచిపోతుందా? ఆయనకు సెలవులు ఉంటాయా?" అని అడిగారు.

రాయలసీమలో ఒక జిల్లా కలెక్టరు గారి దగ్గర క్యాంపు క్లర్కుగా చాలా ఏళ్లు పనిచేశాను. ఆయన ఎన్ని గంటలకు బయలుదేరారు, ఏ ఊళ్లో ఆగారు, ఎవరెవరు కలిశారు, రాత్రి బస ఎక్కడ చేశారు అన్నది టూర్ డైరీగా రాసి నెలనెలా పైకి పంపడం నా పనుల్లో ఒకటి. రిటైరయ్యాక అట్లాంటాలో ఉన్న మా అబ్బాయి దగ్గరకు వచ్చిపోతున్నాను. ఆ ఊళ్లోనే, 1977 నుంచి 1981 దాకా అధ్యక్షుడిగా ఉన్న జిమ్మీ కార్టర్ గ్రంథాలయం ఉంది. వచ్చినవాళ్లలో ఎక్కువ మంది మ్యూజియంలోని ఓవల్ ఆఫీసు నమూనా ముందు ఫోటో దిగి వెళ్లిపోతారు. నాకు మాత్రం అధ్యక్షుడి దినచర్య మొత్తం కాగితాల మీద భద్రంగా ఉందని తెలిశాక మిగతావేవీ ఆనలేదు. ఇప్పుడు ఆ కాగితాలు ఇంటర్నెట్‌లోనూ ఉన్నాయి, ఉచితంగా చదువుకోవచ్చు. నేను 1978 సంవత్సరం మొత్తం చదివాను. అందుకే నా జవాబు ఆ ఒక్క ఏడాది చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఆ డైరీ గురించి చెప్పాలి. అధ్యక్షుడు స్వయంగా రాసుకున్నది కాదు. రక్షణ సిబ్బంది, టెలిఫోన్ ఆపరేటర్లు, నివాసం సిబ్బంది రాసి ఉంచిన చీటీలన్నీ కలిపి, జాతీయ దస్తావేజుల శాఖ ఉద్యోగి టైపు చేసింది. ఎడమ పక్క పని మొదలైన సమయం, ముగిసిన సమయం నిమిషాలతో సహా ఉంటాయి. ఫోన్లకు వేరే గడి. ఆయన చేసిన ఫోనైతే ఒక గుర్తు, ఆయనకు వచ్చిన ఫోనైతే ఇంకో గుర్తు. విమానంలో ఎవరెవరు ఉన్నారు, విందుకు ఎవరెవరు వచ్చారు అన్న జాబితాలు వెనకాల జోడించి ఉంటాయి. ఏం మాట్లాడుకున్నారన్నది మాత్రం ఉండదు. మా టూర్ డైరీ కూడా అంతే. "అధికారులతో సమీక్ష జరిపారు" అని రాసేవాళ్లం గానీ ఎవరిని ఎంతగా కసిరారో రాసేవాళ్లం కాదు.

ఇక రోజువారీ పని సంగతి. కార్టర్ చీకటితోనే లేచే మనిషి. సిబ్బంది రాకముందే ఓవల్ ఆఫీసులో ఉండేవారు. పొద్దున్నే జాతీయ భద్రతా సలహాదారు బ్రెజిన్‌స్కీ వచ్చి ప్రపంచంలో రాత్రికి రాత్రి ఏం జరిగిందో చెప్పేవారు. సోమవారాలు మంత్రివర్గ సమావేశం, శుక్రవారాలు విదేశాంగ, రక్షణ మంత్రులతో అల్పాహారం. కాంగ్రెస్ (అంటే అమెరికా పార్లమెంటు) నాయకులతోనూ తరచుగా అల్పాహార సమావేశాలే. మా కలెక్టరేటులో సోమవారం అర్జీల రోజు కాబట్టి ఈ సోమవారాల వరుస చూసి నవ్వుకున్నాను. మిగిలిన సమయంలో పక్కనే ఉన్న చిన్న గదిలో పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం పెట్టుకుని కాగితాలు చదివేవారు. నోట్‌ఫైలు అంచుల మీద ఆయన చేతిరాత చూశాను. అక్షర దోషాలు కూడా దిద్దేవారు. అంత పెద్ద కుర్చీలో కూర్చున్న మనిషి చూడాల్సిన కాగితాలు కానివి కూడా ఆ పెట్టెల్లో చాలా ఉన్నాయని నా అభిప్రాయం. కింది గుమస్తాను నమ్మని అధికారి దగ్గర పనిచేసినవాళ్లకు ఈ బాధ తెలుస్తుంది.

1978 జనవరి 1న ఆయన ఢిల్లీలో దిగారు. ముందు రోజు రాత్రి టెహ్రాన్‌లో ఇరాన్ షా ఇచ్చిన విందులో, కల్లోలంగా ఉన్న ఆ ప్రాంతంలో ఇరాన్ ఒక సుస్థిరమైన ద్వీపం అని మెచ్చుకుని వచ్చారు. ఏడాది తిరిగేసరికి షా మీద జనం తిరగబడి, ఆ మాట కార్టర్ మెడకు చుట్టుకుంది. మన రాష్ట్రపతి అప్పట్లో నీలం సంజీవరెడ్డి, మా సీమ మనిషి. ప్రధాని మొరార్జీ దేశాయి. 2వ తేదీన పార్లమెంటులో ప్రసంగం, 3న ఢిల్లీ ప్రకటన మీద సంతకాలు, అదే రోజు హర్యానాలోని దౌలత్‌పూర్ నసీరాబాద్ అనే పల్లెకు ప్రయాణం. ఆ పల్లెకు తర్వాత కార్టర్‌పురి అని పేరు పెట్టారు. ఆయన తల్లి లిలియన్ 1960లలో బొంబాయి దగ్గర విక్రోలీలో సేవా కార్యకర్తగా పనిచేసి వెళ్లినావిడ. ఇంత మర్యాద మధ్య ఒక పొరపాటు జరిగింది. తారాపూర్ అణు విద్యుత్ కేంద్రానికి ఇంధనం విషయంలో భారత్‌కు కటువుగా ఒక ఉత్తరం రాయాలని ఆయన విదేశాంగ మంత్రి వాన్స్‌తో అన్న మాట, మైకు ఆపకపోవడం వల్ల పత్రికలవాళ్ల చెవిన పడింది. పర్యటన ఏర్పాట్లు చేసిన ఎవరినైనా అడగండి, మైకు విషయంలో ఎంత జాగ్రత్త పడతారో చెబుతారు.

6వ తేదీకి వాషింగ్టన్ చేరారు. 19న కాంగ్రెస్ ముందు వార్షిక ప్రసంగం, ఆ వెంటనే సుమారు 50,000 కోట్ల డాలర్ల బడ్జెట్. ఏడాది మొదట్లో ఈ రెండూ ఏ అధ్యక్షుడికైనా తప్పవు.

నాకు ఆశ్చర్యం కలిగించింది ఆ తర్వాతి రెండు మూడు నెలలు. పనామా కాలువను పనామా దేశానికి అప్పగించే ఒప్పందాల మీద ఆయన అంతకుముందే సంతకం పెట్టారు. మన లెక్కలో సంతకం పడితే పని అయిపోయినట్టే. అక్కడ అసలు పని అప్పుడే మొదలైంది. వంద మంది సెనేటర్లలో 67 మంది ఒప్పుకోవాలి. డైరీలో ఫోన్ల గడి నిండిపోవడం కనిపిస్తుంది, ఒకరి వెంట ఒకరుగా సెనేటర్ల పేర్లు. ఒక్కొక్కరికీ ఒక్కొక్క కోరిక. కాలిఫోర్నియా సెనేటర్ హయకావా భాషాశాస్త్ర పండితుడు. ఆయన రాసిన పాఠ్యపుస్తకాన్ని అధ్యక్షుడు కూర్చుని చదివి, అందులోని విషయాల గురించి ఆయనతో మాట్లాడారు. అరిజోనా సెనేటర్ డికాన్సినీ, అవసరమైతే కాలువ తెరిపించడానికి అమెరికా సైన్యాన్ని దింపవచ్చన్న షరతు పెట్టించుకున్నారు. దానికి పనామా అధినేత టొరిహోస్ కోపగించుకుంటే ఆయనను బుజ్జగించడం ఇంకో పని. మార్చి 16న మొదటి ఒప్పందం 68–32 ఓట్లతో గట్టెక్కింది. ఏప్రిల్ 18న రెండోదీ సరిగ్గా అవే ఓట్లతో. అవసరమైన దానికన్నా ఒక్కటే ఎక్కువ. అనుకూలంగా ఓటేసిన సెనేటర్లలో కొందరు తర్వాతి ఎన్నికల్లో ఓడిపోయారు. కాలువ మాత్రం ఒప్పందం ప్రకారం 1999 డిసెంబర్ 31న పనామా చేతికి వెళ్లింది.

అదే మార్చిలో బొగ్గు గని కార్మికుల సమ్మె. అంతకుముందు డిసెంబర్ నుంచి నడుస్తోంది. మార్చి 6న అధ్యక్షుడు, కోర్టు ద్వారా సమ్మెను కొంతకాలం ఆపించే టాఫ్ట్–హార్ట్‌లే చట్టాన్ని ప్రయోగించారు. పనిలోకి వెళ్లమని కోర్టు ఆదేశం వచ్చినా కార్మికుల్లో ఎక్కువ మంది కదలలేదు. చివరికి 110 రోజులకు వాళ్లు యాజమాన్యంతో ఒప్పందం కుదుర్చుకున్నాకే సమ్మె ముగిసింది. మా దగ్గర కలెక్టరు గారు ఉత్తర్వు ఇస్తే సాయంత్రానికి తహసీల్దారు పరుగెత్తుకుంటూ వచ్చేవాడు. ప్రపంచంలో అందరికన్నా బలవంతుడనుకునే మనిషి ఏడాదిలో ఎక్కువ భాగం, తన మాట వినక్కర్లేని వాళ్లను బతిమాలుతూ గడుపుతాడని నాకు ఆ పేజీలు చదివేదాకా తెలియదు. మీ ప్రశ్నకు నా అసలు జవాబు అదే.

మధ్యలోవి త్వరగా చెప్పేస్తాను. మార్చి చివర్లో వెనెజువెలా, బ్రెజిల్, నైజీరియా, లైబీరియా పర్యటన. ఏప్రిల్‌లో న్యూట్రాన్ బాంబు తయారీని వాయిదా వేశారు. మేలో సౌదీకి యుద్ధ విమానాలు అమ్మడం మీద మళ్లీ సెనేటులో ఓట్ల వేట, 54–44తో నెగ్గారు. జూలైలో బాన్‌లో ఏడు దేశాల శిఖరాగ్ర సభ. ఆగస్టు 17న రక్షణ బిల్లును తిప్పి పంపారు. అడగని అణు విమానవాహక నౌకకు అందులో డబ్బు పెట్టారన్నది ఆయన అభ్యంతరం.

సెలవుల గురించి అడిగారు కదా. ఆయనకు సెలవు చీటీ రాసే నిబంధన ఏదీ లేదు, ఎక్కడుంటే ఆఫీసు అక్కడే. ఆ ఆగస్టులో కుటుంబంతో ఐడహో వెళ్లి శాల్మన్ నదిలో రబ్బరు పడవ మీద కొట్టుకుపోతూ సరదాగా గడిపారు. అక్కడి నుంచి గ్రాండ్ టీటన్ పర్వతాలకు వెళ్లారు. కానీ ఆ కొండల్లో ఆయన చేతిలో ఉన్నది ఇజ్రాయెల్ ప్రధాని బెగిన్, ఈజిప్టు అధ్యక్షుడు సాదత్‌ల మనస్తత్వాల మీద నిపుణులు తయారు చేసిన నివేదికలు. అణ్వాయుధ సంకేతాలున్న పెట్టెతో సైనికాధికారి ఎలాగూ వెంటే ఉంటాడు.

సెప్టెంబర్ 5 నుంచి 17 దాకా, కొండల్లో ఉన్న అధ్యక్షుడి విడిది క్యాంప్ డేవిడ్‌లో ఇజ్రాయెల్, ఈజిప్టుల మధ్య రాజీ చర్చలు. దేశాధ్యక్షుడు పదమూడు రోజులు మిగతా పనులు ఉపాధ్యక్షుడు మాండేల్ మీదా, సిబ్బంది మీదా చాలావరకు వదిలేసి ఒకే తగవులో కూర్చోవడం నేను ఇంకెక్కడా వినలేదు. మా ఊరి పంచాయితీల్లో పెద్దమనిషి ఇరుపక్షాల మధ్య తిరిగినట్టే, ఆయన ఆస్పెన్ అనే తన బస నుంచి డాగ్‌వుడ్‌లో సాదత్ దగ్గరకు, బర్చ్‌లో బెగిన్ దగ్గరకు తిరిగారు. మొదటి రోజుల్లో ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెడితే గొంతులు లేచాయి. ఆ తర్వాత వేర్వేరుగా మాట్లాడటమే దారి అయింది. ఒకే ముసాయిదా పట్టుకుని ఇటూ అటూ దిద్దించి 23 సార్లు తిరగరాశారు. పసుపు కాగితాల మీద చాలా భాగం ఆయనే స్వయంగా రాశారు. కాగితం పని మీద ఆయనకున్న మోజును పైన తప్పుపట్టాను గానీ, ఇక్కడ పనికొచ్చింది అదే.

ఆ పదమూడు రోజుల్లో లోకం ఆగలేదు. ఆయన తిప్పి పంపిన రక్షణ బిల్లును ఆయన మాట కాదని మళ్లీ నెగ్గించడానికి 7న ప్రతినిధుల సభలో ఓట్లు చాలలేదు. 8న టెహ్రాన్‌లో సైన్యం జనం మీద కాల్పులు జరిపింది. 10వ తేదీ ఆదివారం అతిథులిద్దరినీ గెటిస్‌బర్గ్ యుద్ధభూమి చూపించడానికి తీసుకెళ్లారు, అదే రోజు షాకు ఫోన్ చేశారు. 15న సాదత్ సామాను సర్దుకుని హెలికాప్టర్ అడిగితే, కార్టర్ ఒంటరిగా వెళ్లి ఆపారు. చివరి రోజున జెరూసలేం గురించిన ఒక ఉత్తరం మీద బెగిన్ అలిగారు. మనవలకు ఇవ్వడానికి ఫోటోలు కావాలని ఆయన అంతకుముందు అడిగి ఉన్నారు. కార్టర్ కార్యదర్శి పిల్లల పేర్లు కనుక్కుంటే, ఒక్కొక్క ఫోటో మీద ఒక్కొక్క పేరు రాసి, కార్టరే స్వయంగా తీసుకెళ్లి ఇచ్చారు. పేర్లు చదువుతుంటే బెగిన్ కళ్లు చెమ్మగిల్లాయట. ఉత్తరం మాటలు కాస్త మార్చాక ఒప్పుకున్నారు. ఇలాంటి డైరీలో అధ్యక్షుడు ఆస్పెన్ నుంచి బర్చ్‌కు వెళ్లడం అనేది ఒక్క వరుస. ఆ రాత్రే వైట్‌హౌస్‌లో సంతకాలు జరిగాయి.

అక్టోబర్ సంతకాల నెల. కాంగ్రెస్ ముగిసేముందు బిల్లులన్నీ ఒక్కసారిగా వచ్చి పడతాయి. ఆదివారాలు మినహాయించి పది రోజుల్లో తేల్చాలి. సివిల్ సర్వీసు సంస్కరణ 13న, విమానయాన నియంత్రణల తొలగింపు 24న, విదేశీ నిఘా చట్టం 25న, ప్రభుత్వ నైతికత చట్టం 26న. సర్వీసులో జీవితమంతా గడిపినవాడిని కాబట్టి మొదటిది నాకు ముఖ్యంగా కనిపించింది. పత్రికలు మాత్రం ధరల గురించే రాశాయి. నవంబర్ 1న పడిపోతున్న డాలరును నిలబెట్టే చర్యలు ప్రకటించాల్సి వచ్చింది. 4న సంతకం పెట్టిన చట్టం ఒకటి ఎవరూ పట్టించుకోరు: అధ్యక్షుడి కాగితాలు ఇకపై ప్రజల ఆస్తి అని. అది 1981లో వచ్చిన రీగన్ నుంచి వర్తించింది. కార్టర్ తన కాగితాలను తానే ఇచ్చారు.

డిసెంబర్ 1న అలాస్కాలో సుమారు 5.6 కోట్ల ఎకరాలను జాతీయ స్మారక ప్రాంతాలుగా ప్రకటించారు. ఏడాదిలో ఎవరినీ బతిమాలకుండా చేయగలిగిన కొద్ది పనుల్లో అది ఒకటి, 1906 నాటి పాత చట్టం చేతిలో ఉంది కాబట్టి. 15వ తేదీ రాత్రి టీవీలో చైనాను గుర్తిస్తున్నట్టు చెప్పారు. ఆ చర్చల సంగతి సొంత ప్రభుత్వంలోనే కొద్దిమందికి తప్ప తెలియదు. క్రిస్మస్ ముందు మొలల బాధతో పడుకోవాల్సి వచ్చింది, అది కూడా దేశమంతటికీ వార్తే అయింది. ఇంకో పక్క మరుసటి ఏడాది బడ్జెట్ కోతలు, ఏ శాఖకు ఎంత అన్న వాదులాట. జీతం అప్పట్లో ఏడాదికి 2 లక్షల డాలర్లు, 2001 నుంచి 4 లక్షలు. వైట్‌హౌస్‌లో సొంత కుటుంబం తిన్న భోజనానికి బిల్లు ఆయనే కట్టుకోవాలి.

మీరు కూడా చదవదలిస్తే జనవరి నుంచి మొదలుపెట్టకండి, విసుగొస్తుంది. మార్చి రెండో వారం తెరవండి. ఫోన్ల గడిలో ఉన్న సెనేటర్ల పేర్లు ఒక కాగితం మీద రాసుకుని, మార్చి 16 ఓటింగులో ఎవరు ఎటు వేశారో పక్కన పెట్టుకోండి. సెప్టెంబర్‌కు ఆ తర్వాత వెళ్లండి. వెనకాల ఉన్న అతిథుల జాబితాలు వదిలేయకండి, నాకు వాటిలోనే ఎక్కువ కాలక్షేపం అయింది.