మీ పెంపుడు నేస్తాలు: ఫినాయిల్ నేల మీద పిల్లి నడిస్తే...

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ఎంవీపీ కాలనీ. ఇంట్లో చిట్టి అనే పిల్లి, రాకీ అనే కుక్క ఉన్నాయి. పనావిడ రోజూ తెల్ల ఫినాయిల్‌తో ఇల్లు తుడుస్తుంది. నిన్నటి నుంచి తుడిచిన కాసేపటికి చిట్టి చొంగ కారుస్తోంది, చేప ముక్క పెట్టినా వాసన చూసి వెళ్ళిపోతోంది. రాకీ మాత్రం శుభ్రంగా తింటున్నాడు. "ఇన్నేళ్ళుగా వాడుతున్నాం, ఎవరికేమైంది?" అంటారు మా అత్తగారు. ఇది ఫినాయిల్ వల్లేనా?

జవాబు: ముందు చిట్టిని ఈ రోజే డాక్టర్‌కి చూపించండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు. చొంగకి పంటి నొప్పి లాంటి వేరే కారణాలూ ఉంటాయి గానీ, పిల్లి రెండు మూడు రోజులు తిండి మానేస్తే కాలేయానికి కొవ్వు పట్టే ప్రమాదం ఉంది. వెళ్ళేటప్పుడు ఆ ఫినాయిల్ సీసా కూడా పట్టుకెళ్ళండి.

మీ అత్తగారి మాట మనుషుల వరకు నిజమే, తడి నేల మీద నడిచొచ్చి మనం పాదాలు నాక్కోం కదా. పిల్లి రోజంతా చేసే పని అదే. పైగా ఫినాల్ జాతి రసాయనాలను ఒంట్లోంచి బయటికి పోయేలా మార్చే ఎంజైము మనకీ కుక్కకీ ఉన్నంతగా పిల్లి కాలేయంలో లేదు, కాబట్టి రాకీకి ఏమీ కాలేదని చిట్టికీ కాదనుకోకూడదు. నల్ల ఫినాయిల్‌లో ఉండేది ఈ ఫినాల్ జాతే, తెల్లదాంట్లో ఎక్కువగా పైన్ ఆయిల్ ఉంటుంది, అదీ పిల్లికి పడదు. డెట్టాల్ నీళ్ళతో పిల్లికి స్నానం చేయించేవాళ్ళూ ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి. నిమ్మ వాసన వచ్చే ఫ్లోర్ క్లీనర్లు చాలావాటిలో బెంజాల్కోనియం క్లోరైడ్ ఉంటుంది, అది చిక్కగా తగిలితే నాలుక మీద పుండ్లు పడతాయి, అదీ వెంటనే కాదు, కొన్ని గంటలు పోయాక. అందుకే పొద్దున తుడిచిన నేలకీ సాయంత్రం మానేసిన తిండికీ సంబంధం ఉందని చాలామందికి తట్టదు.

వీధిలోకి అమ్మొచ్చే లేబుల్ లేని ఫినాయిల్ అయితే అసలు కొనొద్దు, అందులో ఏం కలిపారో తెలియకపోతే డాక్టర్ మాత్రం ఏం చేస్తారు?

రోజువారీ తుడవడానికి బకెట్ నీళ్ళలో నాలుగు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, తర్వాత మంచినీళ్ళతో ఇంకోసారి తుడిపిస్తే చాలు. ఫినాయిల్ వాసన రాకపోతే ఇల్లు శుభ్రమైనట్టు అనిపించదని పనావిడ అంటుంది, నచ్చజెప్పుకోవాలి మరి. మన వైజాగ్ ఉక్కకి, ముఖ్యంగా వానాకాలంలో, నేల ఓ పట్టాన ఆరదు, ఫ్యాన్ వేసి పూర్తిగా ఆరేదాకా చిట్టిని వేరే గదిలో ఉంచండి. బకెట్ అలా వదిలేయకండి, బాత్‌రూమ్ తలుపూ కమోడ్ మూతా వేసి ఉంచండి. పిల్లి ఉచ్చ పోసిన చోట బ్లీచింగ్ వద్దు, రెండూ కలిస్తే ఘాటైన విష వాయువు వస్తుంది. బ్లీచింగ్‌నీ బాత్‌రూమ్ యాసిడ్‌నీ ఎప్పుడూ కలపకండి, వచ్చేది క్లోరిన్, అది మీకూ ప్రమాదమే. కాలవ గట్లమ్మట బ్లీచింగ్ చల్లిన రోజు రాకీని తిప్పుకొస్తే గుమ్మంలోనే కాళ్ళు కడిగేయండి.

ఎప్పుడైనా పాదాలకో ఒంటికో క్లీనర్ అంటితే నాకనివ్వకుండా తువ్వాలు చుట్టి, గోరువెచ్చని నీళ్ళతో బాగా కడగండి. తాగేసిందనిపిస్తే ఉప్పు నీళ్ళు పోసి కక్కించకండి. యాసిడ్ లాంటివి లోపలికి వెళ్ళేటప్పుడు ఒకసారి కాలుస్తాయి, కక్కేటప్పుడు మళ్ళీ కాలుస్తాయి, ఆపైన ఆ ఉప్పే ఇంకో విషం.

ప్రశ్న: మా కుక్కపిల్ల వాష్‌బేసిన్‌లో వేసిన కలరా ఉండని నోట కరుచుకుంది. లాగేశాం, ఒక ముక్క మింగినట్టుంది. ఇప్పటిదాకా హుషారుగానే ఉంది. ఆగి చూడొచ్చా? (గాజువాక)

జవాబు: ఆగొద్దు. నాఫ్తలీన్ ఉండ కడుపులో మెల్లగా కరుగుతుంది, ఎర్ర రక్తకణాలు చితికిపోవడం ఒకటి రెండు రోజులు పోయాక కూడా మొదలవ్వచ్చు. చిగుళ్ళు పాలిపోయినా, ఉచ్చ టీ డికాక్షన్ రంగులో వచ్చినా అప్పటికే ఆలస్యమైనట్టు. మిగిలిన ముక్కని కవర్లో వేసుకుని ఇప్పుడే బయలుదేరండి.