ఇంటికి ఒకటే రౌటర్, మిగతాది స్విచ్ పని

విశాఖపట్నం

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

మధురవాడ ఇంటికి ప్లాస్టరింగ్ ఇంకా మొదలుకాలేదన్నావు. ఇంట్లో నెట్ వైర్ల సంగతి సరైన సమయానికే అడిగావు. కానీ గదికో రౌటర్ కొనేస్తానన్నావు చూడు, ఆ పని మాత్రం చెయ్యకు. ఇంటికి రౌటర్ ఒకటే. గదిగదికీ వైరు అందించడం స్విచ్ పని.

రౌటర్ ఒక చేత్తో బయటి ఇంటర్నెట్‌నీ, ఇంకో చేత్తో మీ ఇంటినీ పట్టుకుంటుంది. లోపలున్న టీవీకీ, ఫోనుకీ, ల్యాప్‌టాప్‌కీ ఐపీ అడ్రసులు, అంటే ఒక్కోదాన్ని గుర్తుపట్టే నంబర్లు, పంచేది అదే. బయటికి అందరినీ ఒకే అడ్రసు మీద పంపేదీ అదే. స్విచ్‌కి ఆ బాధ్యతలేవీ లేవు. ఏ పోర్టులో (వైరు గుచ్చే రంధ్రంలో) ఏ పరికరం ఉందో గుర్తుపెట్టుకుని డేటాను అక్కడికే చేరుస్తుంది. మామూలు స్విచ్‌కి సెట్టింగులే ఉండవు. కరెంటిచ్చి వైర్లు గుచ్చితే చాలు.

ఫైబర్ వాళ్లు గోడకి తగిలించే, ఫైబర్ వైరు వచ్చి కలిసే ఓఎన్‌టీ డబ్బాలోనే చాలావరకు రౌటర్ కూడా ఉంటుంది. స్విచ్ కొనేముందు ఆ డబ్బా వెనక ఎన్ని ల్యాన్ పోర్టులు, అంటే ఇంట్లో వైర్లు పెట్టేవి, ఉన్నాయో చూడు. కొన్నింటిలో ఒక్క పోర్టే గిగాబిట్ (సెకనుకి వెయ్యి మెగాబిట్ల వేగం), మిగతావి వంద మెగాబిట్లు. స్విచ్‌కి వెళ్లే వైరు ఆ గిగాబిట్ పోర్టులోనే పెట్టాలి.

రెండో రౌటర్ పెడితే ఏమవుతుందో వివరంగా చెబుతాను, ఎక్కువమంది ఇక్కడే చిక్కుకుంటారు. కింది నుంచి వచ్చిన వైరుని మేడ మీది రౌటర్ వాన్ పోర్టులో, అంటే బయటి నెట్ వైరు పెట్టేదాంట్లో, పెట్టావనుకో, మేడ మీద వేరే నెట్‌వర్క్ తయారవుతుంది. కింద 192.168.1తో మొదలయ్యే అడ్రసులు, పైన 192.168.0తో మొదలయ్యేవి. నెట్ వస్తూనే ఉంటుంది, కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పైనుంచి ఫోనులో కాస్ట్ చెయ్యబోతే కింది టీవీ కనబడదు. పోనీ ల్యాన్ పోర్టులో పెడితే, రెండు రౌటర్లూ అడ్రసులు పంచడం మొదలెడతాయి. ఒక ఫోనుకి నెట్ వస్తుంది, పక్కదానికి రాదు. రీస్టార్ట్ చేస్తే బాగవుతుంది, సాయంత్రానికి మళ్లీ అదే గొడవ.

పాత రౌటర్ ఇంట్లో ఉంటే పారెయ్యక్కర్లేదు, మేడ మీద వైఫైకి పనికొస్తుంది. ముందు దాన్ని ల్యాప్‌టాప్‌కి ఒక్కదానికే కలిపి, ల్యాన్ అడ్రసు 192.168.1.2గా మార్చు. అసలు రౌటర్ 192.168.1.1 అయి ఉండాలి, అది పంచే అడ్రసుల వరుసలో ఈ 192.168.1.2 ఉండకూడదు. తర్వాత డీహెచ్‌సీపీ, అంటే అడ్రసులు పంచే పని, ఆపెయ్. వైఫై పేరు, పాస్‌వర్డ్ కింద ఉన్నవే ఇచ్చి, ఛానల్ మాత్రం వేరేది పెట్టు. కింది నుంచి వచ్చే వైరుని ల్యాన్ పోర్టులోనే గుచ్చు. వాన్ పోర్టు ఖాళీగా వదిలెయ్.

ఇక స్విచ్ సైజు. హాల్లో టీవీకి ఒకటి, నువ్వు పనిచేసుకునే గదికి రెండు, పడకగదులకు రెండు, మేడ మీద వైఫైకి ఒకటి, రౌటర్ నుంచి వచ్చేది ఒకటి. ఏడయ్యాయి. కాబట్టి ఎనిమిది పోర్టులది తీసుకో. ఐదు పోర్టుల స్విచ్ అంటే వాడుకోవడానికి నాలుగే మిగులుతాయి. అట్టపెట్టె మీద 10/100/1000 అని ఉండాలి. 10/100 అని మాత్రమే ఉంటే చవగ్గా ఇచ్చినా వద్దు. ద్వారకానగర్‌లో అడిగేటప్పుడు 'నెట్‌వర్క్ స్విచ్' అని అడుగు. వైరు మీదే కరెంటు తీసుకునే కెమెరాలు పెట్టే ఆలోచనుంటే పీఓఈ స్విచ్ కావాలి. అది మొత్తం ఎన్ని వాట్లు ఇవ్వగలదో కెమెరాలన్నిటి వాట్లతో పోల్చి చూసుకో.

డబ్బు ఖర్చుపెట్టాల్సింది గోడలో వైరు మీద. స్విచ్ రేపు మార్చుకోవచ్చు, గోడ పగలగొట్టలేవు. క్యాట్ 6 రకం నెట్ వైరు తీసుకో, పూర్తి రాగిది. ఒక తీగ ఒలిచి బ్లేడుతో గీకి చూడు. పైన ఎర్రగా ఉండి గీకిన చోట తెల్లగా మెరిస్తే అది రాగి పూసిన అల్యూమినియం. తిరిగిచ్చెయ్. కరెంటు వైర్లున్న పైపులో దీన్ని దూర్చనివ్వకు. పక్కపక్కనే పోవాల్సొస్తే అడుగు దూరం, దాటాల్సొస్తే అడ్డంగా దాటించమను.

వైరు కొసలకి కనెక్టరు కొట్టేటప్పుడు రెండు చివరలా ఒకటే వరుస: తెల్ల నారింజ, నారింజ, తెల్ల ఆకుపచ్చ, నీలం, తెల్ల నీలం, ఆకుపచ్చ, తెల్ల గోధుమ, గోధుమ. రెండేసి తీగలుగా మెలేసిన జంటల మెలిక అరంగుళానికి మించి విప్పకూడదు. మూడొందల మెగాబిట్ల ప్లాను ఉండి స్పీడ్ 94 దగ్గర ఆగిందంటే నెట్ వాళ్లతో తగువు పడకు. వైరు గిగాబిట్ పోర్టులోనే ఉంటే, చాలావరకు నీలం జంటలోనో గోధుమ జంటలోనో ఒక తీగ అంటుకోకపోవడమే కారణం. వంద మెగాబిట్లకి నారింజ, ఆకుపచ్చ జంటలు చాలు. గిగాబిట్‌కి ఎనిమిది తీగలూ కావాలి. కనెక్టరు కోసి మళ్లీ కొట్టించు. మనది సముద్రపు గాలి, చవక కనెక్టర్ల కాళ్లు చిలుము పడతాయి. బంగారు పూతవి అడుగు.

ఇల్లంతా ఒక్కసారి నెట్ ఆగి, స్విచ్ లైట్లన్నీ కలిసి గబగబా కొట్టుకుంటుంటే, ఒకే వైరు రెండు చివరలూ ఎవరో అదే స్విచ్‌లో గుచ్చారన్నమాట. ఒకటి పీకెయ్, సర్దుకుంటుంది. అక్టోబరు, నవంబరు తుపాన్లకి కరెంటు పోతే చిన్న యూపీఎస్ ఓఎన్‌టీకే పెట్టి ఊరుకోకు. దానికి స్విచ్‌ని కూడా కలపాలి.

ప్లాస్టరింగ్ చేసేముందు వైరు ఎక్కడుందో తర్వాత తెలిసేలా ప్రతి గోడకీ కొలత టేపు ఆనించి ఫోటో తీసిపెట్టుకో. వైరు రెండు చివరలా గది పేరు రాసి, కొసలకు ప్లాస్టిక్ కవరు కట్టు. సిమెంటు లోపలికి పోకూడదు.

మీ మామయ్య