చల్లటి కాఫీలో తేనె కలవక అడుగునే ఉండిపోతోందా? మా ఇంట్లో కుదిరిన పద్ధతి ఇది

చక్కెర మానేసి తేనెతో ఐస్ కాఫీ చేసుకుంటున్నానని, ఎంత తిప్పినా తేనె గ్లాసు అడుగునే ఉండిపోయి పైన చేదు మిగులుతోందని మీరు రాశారు. మాది నల్లగొండ. నాలుగు ఎండాకాలాల నుంచి మా ఇంట్లో సాయంత్రం చాయ్‌కి బదులు ఇదే. మొదటి ఏడాది నాకూ అచ్చం ఇలాగే అయింది కాబట్టి వివరంగా చెబుతాను.

ఆ రోజు చల్లారిన డికాక్షన్‌లో పాలు పోసి, ఐసు ముక్కలు వేసి, పైనుంచి రెండు చెంచాల తేనె వదిలాను. తేనె తీగ ఐసుకు తగలగానే బిగుసుకుపోయి ముక్క చుట్టూ జిగురులా అతుక్కుంది. మిగిలింది నెమ్మదిగా జారి అడుగున బంకలా కూర్చుంది. తిప్పితే చెంచాకే చుట్టుకుని పైకి వచ్చింది. మా అత్తమ్మ ఒక గుక్క తాగి, "పైనంత చేదే ఉంది బిడ్డా, తీపంత అడుగుకు పోయింది" అని గ్లాసు పక్కన పెట్టేసింది.

తేనెలో నీళ్లు దాదాపు ఐదో వంతే ఉంటాయి, మిగిలిందంతా చక్కెరలే. మామూలుగానే చిక్కన, చల్లదనం తగిలితే ఇంకా చిక్కబడుతుంది. కాఫీ కంటే బరువు కాబట్టి మునుగుతుంది, మునిగాక కదలదు. అందుకే తేనెను ఎప్పుడూ నేరుగా చల్లటి కాఫీలో వేయొద్దు. ముందే పలుచటి పాకంలా చేసి పెట్టుకోవాలి. నా జవాబులో అసలు విషయం ఇదే, మిగతావన్నీ దీని తర్వాతే.

ఒక చిన్న గ్లాసు తేనెకు అదే గ్లాసుతో ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్లు. వేలు పెడితే హాయిగా ఉండాలి, చురుక్కుమనకూడదు. స్టవ్ మీద పెట్టే పనే లేదు. చెంచాతో తిప్పుతుంటే ముందు తేనె తీగలు తీగలుగా నీళ్లలో కనిపిస్తుంది, రెండు నిమిషాల్లో ఆ తీగలు మాయమై అంతా ఒకే రంగుకు వస్తుంది. అప్పుడు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. చల్లబడినా ఇది ధారగా పడుతుంది, ఐసు మీద పోసినా కలిసిపోతుంది. తేనెను వేడి చేయకూడదని అత్తమ్మ పట్టుదల, ఆయుర్వేదంలోనూ అదే చెబుతారు. నా అనుభవంలో కూడా మరిగే నీళ్లు పోస్తే తేనె వాసన పోయి ఉత్త తీపి మిగులుతుంది. ఆ వాసన లేనప్పుడు తేనె వాడి లాభమేంటి?

ఇక కాఫీ. ఫిల్టర్‌లో మూడు పెద్ద చెంచాల పొడికి సుమారు 120 మిల్లీలీటర్ల మరిగే నీళ్లు పోసి, దిగడానికి ఇరవై నిమిషాలు వదిలేస్తాను. వేడి కాఫీకి తీసేదానికంటే చిక్కగా ఉండాలి. ఐసు కరిగేకొద్దీ నీళ్లు చేరతాయి కదా. డికాక్షన్ పూర్తిగా చల్లారాకే ఐసు మీద పోయాలి, లేదంటే సగం ఐసు అక్కడే కరిగిపోతుంది. పొద్దున్నే తీసి ఫ్రిజ్‌లో పెడితే సాయంత్రానికి సిద్ధం. పొడి కొనేటప్పుడు ప్యాకెట్ మీద చికోరీ (కాఫీ పొడిలో కలిపే ఒక వేరు పొడి) శాతం చూడండి, రాసే ఉంటుంది. చికోరీ ఎక్కువైతే దాని ఘాటులో తేనె రుచి మునిగిపోతుంది. నేను తక్కువ ఉన్నదే తెస్తాను.

పొడవాటి గ్లాసులో పావు కప్పు డికాక్షన్, మూడు చిన్న చెంచాల తేనె పాకం వేసి ముందు ఆ రెంటినీ కలపండి. తర్వాత ఐదారు ఐసు ముక్కలు, చివర అర కప్పు చల్లటి పాలు. బర్రె పాలైతే కాచి, చల్లార్చి, తప్పకుండా వడగట్టాలి. లేకపోతే మీగడ పలుకులు ఐసుకు అంటుకుని తాగేటప్పుడు పెదాలకు తగులుతాయి, పిల్లలు వెంటనే వద్దంటారు. ఇన్‌స్టంట్ కాఫీ అయితే ఇంకా సులువు. రెండు చెంచాల పొడిని కొంచెం ఉడుకు నీళ్లలో కరిగించి, అది గోరువెచ్చగా అయ్యాక అందులోనే తేనె కలిపేయొచ్చు, వేరే పాకం అక్కర్లేదు.

నీళ్ల గురించి మన వైపు వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. మా వీధిలో బోరు నీళ్లు కాచిన గిన్నెకు తెల్లటి పొర కడుతుంది. ఆ నీళ్లతో తీసిన డికాక్షన్ ఎంత మంచి పొడి వేసినా చప్పగానే ఉండేది. చాలా రోజులు పొడిదే తప్పనుకున్నాను. కృష్ణా నీళ్లతో తీసిన రోజు తేడా తెలిసింది. ఐసు కూడా తాగే నీళ్లతోనే పెట్టండి. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లను కాస్తే సరిపోతుందని ఇంకా చాలామంది అనుకుంటారు. కాస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరయ్యేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. మన జిల్లాలో ఎన్ని కుటుంబాలు దీంతో బాధపడ్డాయో కళ్లారా చూశాం, ఐసే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. పెద్ద ఐసు దిమ్మలు కొనొద్దు, అవి తాగే నీళ్లతో చేశారో లేదో మనకు తెలియదు.

తేనె ఎక్కడ కొనాలన్నది మీ రెండో ప్రశ్న. శ్రీశైలం దారిలో డిండి దాటాక బకెట్‌లో తేనెపట్టు పెట్టుకుని అమ్మేవాళ్ల దగ్గర ఒకసారి ఒక సీసా తీసుకున్నాను. చలికాలంలో అడుగున చక్కెర పలుకుల్లా గడ్డ కట్టింది. మోసపోయాననుకుని మొత్తం పారబోశాను. తర్వాత తెలిసింది, అసలైన తేనె కూడా పేరుకుంటుంది. అందులోని గ్లూకోజ్ గడ్డ కడుతుంది, అంతే. సీసాను గోరువెచ్చని నీళ్లలో అరగంట నిలబెడితే మళ్లీ కరుగుతుంది. అడవిలో చెట్టెక్కి, బండ దిగి ఎవరో కష్టపడి తీసిన తేనె అయి ఉండొచ్చు, దాన్ని మురికికాలువలో పోశానని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నీళ్లలో చుక్క వేసి చూడటం, అగ్గిపుల్ల ముంచి వెలిగించడం లాంటి పరీక్షలను నమ్మకండి. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్ల తేనెను పరీక్ష చేయించి, ఎక్కువ వాటిలో చక్కెర పాకం కలిసిందని చెప్పింది. మామూలు ల్యాబ్ పరీక్షలకు దొరకని పాకాలు వచ్చాయంటే, వంటింట్లో అగ్గిపుల్లకు ఏం తెలుస్తుంది? నేనిప్పుడు నల్లమల చెంచులు తెచ్చే తేనెను కొని అమ్మే గిరిజన సహకార సంస్థ దుకాణంలోనే తీసుకుంటున్నాను. అడవి తేనె కాస్త పలుచగా, ముదురు రంగులో, కొంచెం పులుపుతో ఉంటుంది. కాఫీ చేదు పక్కన ఆ పులుపు చాలా బాగుంటుంది.

పాలు లేకుండా కావాలంటే మన బత్తాయి ఉందిగా. చల్లటి డికాక్షన్, రెండు చెంచాల తేనె పాకం, ఐసు, అర బత్తాయి రసం. రసం అప్పటికప్పుడే పిండాలి. గింజలు నలగకూడదు, అరగంట ఉంచినా చేదెక్కుతుంది. ఇందులో పాలు మాత్రం పోయకండి, విరిగిపోతాయి. నిరుడు మే నెలలో మా ఇంటికి వచ్చిన చుట్టాలకు ఇదే ఇచ్చాను, కాఫీ అలవాటు లేనివాళ్లు కూడా రెండో గ్లాసు అడిగారు.

షుగర్ ఉన్నవాళ్లకు తేనె మంచిదేనా అని కూడా అడిగారు. మా అత్తమ్మకు షుగర్ ఉంది. తేనెను కూడా చక్కెర లెక్కలోనే వేసుకోవాలని డాక్టర్ ఖచ్చితంగా చెప్పారు. ఒక పెద్ద చెంచా తేనెలో దాదాపు 64 కేలరీలు, అదే చెంచా చక్కెరలో 50 లోపే, ఎందుకంటే తేనె బరువెక్కువ. తేనె రుచి కోసం వాడండి, మందనుకుని మాత్రం వాడకండి. అత్తమ్మకు నేను పాకం వేయకుండా, పాలు ఎక్కువ పోసి చిన్న గిలాసలో ఇస్తాను. ఇంట్లో ఏడాది నిండని పిల్లలుంటే తేనె నాకించడం కూడా వద్దు, బోటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు వచ్చే అవకాశం ఉంది.

పాకం ఒకేసారి ఎక్కువ చేయకండి. నీళ్లు కలిశాక తేనె మునుపటిలా నిల్వ ఉండదు. ఫ్రిజ్‌లో వారం పది రోజులకు సరిపడా చాలు. సీసా మీద తేదీ రాసి పెట్టండి, మూత తీయగానే పులిసిన వాసన వచ్చినా, పైన బుడగలు కనిపించినా పారబోసి కొత్తగా కలుపుకోండి.