చవక బిజినెస్ క్లాస్ టికెట్ కొనే ముందు: మేనకోడలికి మావయ్య ఉత్తరం

చి.ల.సౌ. మేనకోడలికి,

మావయ్య ఆశీస్సులు. అక్కకీ బావగారికీ ఈసారి డాలస్ టికెట్లు బిజినెస్ క్లాస్‌లో తీస్తానన్నావట, అక్క ఫోన్లో చెప్పింది. చెబుతూనే "ఎందుకురా ఆ డబ్బు తగలేయడం" అని సణిగింది కూడా. ఆ సణుగుడు పట్టించుకోకు. మోకాళ్ళు అరిగిన మనిషి. గల్ఫ్ నుంచి డాలస్ దాకా దాదాపు 16 గంటలు కాళ్ళు ముడుచుకుని కూర్చోమంటే ఎలా? నీ ఆలోచన మంచిదే. కాకపోతే నువ్వు పంపిన మూడు స్క్రీన్‌షాట్లూ చూశాక, జీవితమంతా టికెటింగ్ కౌంటర్ వెనక గడిపినవాణ్ణి కాబట్టి, నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోయాను.

మొదటిది అన్నిటికంటే చవకని మురిసిపోయావు. పైన పెద్దక్షరాలతో బిజినెస్ అనే ఉంది. కింద చిన్న బాణం గుర్తు నొక్కి ఒక్కో ఫ్లైటూ విడిగా తెరిచి చూశావా? హైదరాబాద్ నుంచి ఢిల్లీ దాకా బిజినెస్, ఆ తర్వాత సముద్రం దాటే ఫ్లైట్ ఎకానమీ. రెండు గంటలు రాజభోగం, రాత్రంతా ఇరుకు సీటు. దీన్ని మిక్స్‌డ్ క్యాబిన్ అంటారు. ఇది మోసం కాదు, అక్కడే రాసి ఉంటుంది, మనం చదవం అంతే. అసలు అక్క కోసం నువ్వు కొంటున్నది మంచం. భోజనం, షాంపేను, లాంజ్, చిన్న సంచీలో పెట్టిచ్చే క్రీములు, ఇవన్నీ పక్కవాయిద్యాలు. పొడవైన ఫ్లైట్‌లో ఒళ్ళు పూర్తిగా చాపి పడుకోగలిగితే ఆ టికెట్‌కి డబ్బు పెట్టొచ్చు. లేకపోతే ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు.

కావాలంటే ఇదే పద్ధతిని మనకి అనుకూలంగా తిప్పుకోవచ్చు. బుకింగ్ సైట్‌లో మల్టీ సిటీ, అంటే ఒక్కో ఫ్లైటూ విడిగా ఎంచుకునే పద్ధతి, పెట్టి వెతికితే, నాలుగు గంటల హైదరాబాద్-దుబాయ్ ముక్క ఎకానమీలోనూ పెద్ద ఫ్లైట్ బిజినెస్‌లోనూ కొన్నిసార్లు దొరుకుతుంది. వెళ్ళేటప్పుడు బిజినెస్, వచ్చేటప్పుడు ఎకానమీ కలిపిన రానూపోనూ టికెట్ కూడా చాలా ఎయిర్‌లైన్స్ ఇస్తాయి. బడ్జెట్ సరిపోకపోతే ఒకవైపే బిజినెస్ తియ్యి, అదీ వెళ్ళేటప్పుడే. పశ్చిమానికి వెళ్ళే ఫ్లైటే ఎక్కువసేపు పడుతుంది. పైగా బయల్దేరే ముందు వారం రోజులూ సర్దుళ్ళతో అక్క నిద్రపోదు.

మంచం అన్నాను గానీ అన్ని మంచాలూ ఒకటి కావు. గూగుల్ ఫ్లైట్స్‌లో ఫ్లైట్ వివరాలు తెరిస్తే సీటు ఎలాంటిదో రాసి ఉంటుంది. లై ఫ్లాట్, అంటే పూర్తిగా చదునయ్యేది, అని ఉండాలి. యాంగిల్డ్ అంటే ఏటవాలు, రాత్రంతా కిందకి జారుతూనే ఉంటారు. తర్వాత వరస ఎలా ఉందో చూడు. ఎమిరేట్స్ పాత బోయింగ్ 777 విమానాల్లో బిజినెస్ సీట్లు 2-3-2గా, అంటే అటూ ఇటూ కిటికీల వైపు రెండేసి, నడవల మధ్య మూడు, ఉంటాయి, కొత్తగా మార్చినవాటిలో 1-2-1. పాత దాంట్లో కిటికీ పక్క కూర్చుంటే, పక్కమనిషి పడుకున్నాక బాత్రూమ్‌కి వెళ్ళాలంటే ఆయన కాళ్ళ మీదుగా దాటాలి. అక్క మోకాళ్ళకి అది కుదిరే పని కాదు. 1-2-1 అయితే ప్రతి సీటు నుంచీ నేరుగా నడవలోకి దిగొచ్చు. మధ్యలో ఉన్న రెండూ తీసుకుంటే ఇద్దరూ పక్కపక్కనే ఉంటారు. ఏ విమానంలో ఏ సీటు ఎలా ఉంటుందో ఏరోలోపా అనే సైట్‌లో బొమ్మలతో సహా ఉంటుంది. విమానాన్ని ఆఖరి నిమిషంలో మార్చే హక్కు మాత్రం ఎయిర్‌లైన్‌కి ఎప్పుడూ ఉంటుందని గుర్తుపెట్టుకో.

రెండోది దోహా మీదుగా ఖతార్ టికెట్. సీటు బాగుంటుంది, తలుపున్న చిన్న గదిలాంటి వాళ్ళ క్యూసూట్ వస్తే ఇంకా బాగు. కానీ అది బిజినెస్ లైట్. చవక బిజినెస్‌లో ఎయిర్‌లైన్స్ ఇప్పుడు చేస్తున్న పని ఇదే, మంచం ఇచ్చి మిగతావి కోసేయడం. లైట్‌లో లాంజ్ ఉండదు, ముందుగా సీటు ఎంచుకోవాలంటే డబ్బు కట్టాలి. ఎమిరేట్స్ స్పెషల్ ఫేర్‌లోనూ లాంజ్, ఇంటికొచ్చి తీసుకెళ్ళే కారూ ఉండవు. నీలాంటి వాళ్ళకి ఇవేం లెక్కలోకి రావు. కానీ ఆ టికెట్‌లో దోహాలో ఎనిమిది గంటలు ఆగాలి. డెబ్బై దాటిన మనుషులు అంతసేపు గేటు ముందు కుర్చీల్లో కూర్చుంటే ఇక బిజినెస్ ఎందుకు? లాంజ్‌కీ సీటుకీ విడిగా కట్టేది కలిపి, దానికి పై మెట్టు ఫేర్‌తో పోల్చి చూడు. తేడా తక్కువైతే పైదే తియ్యి. క్యాన్సిల్ చేస్తే ఎంత తిరిగొస్తుందో కూడా అక్కడే చదువు. ఇండియాలో మొదలయ్యే బిజినెస్ టికెట్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం కాస్తా 18 శాతం అయింది, ఎకానమీకి 5 శాతమే. పన్ను కలిసిన రేటే చూస్తున్నావో లేదో గమనించు.

మూడోది, ఎతిహాద్ మీద అబుదాబి, షికాగోల మీదుగా వెళ్ళేది, నాకు నచ్చింది. అమెరికా ఇమిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీ అబుదాబిలోనే అయిపోతుంది. షికాగోలో దిగాక మళ్ళీ ఆ పెద్ద లైను ఉండదు. కాకపోతే ఆ తనిఖీకి టైం పడుతుంది కనక అబుదాబిలో కనీసం మూడు గంటలు ఉండేలా చూడు, లేకపోతే బావగారికి టెన్షన్. షికాగో-డాలస్ ముక్క ఎకానమీ అయినా ఫర్వాలేదు.

ఇప్పుడు అసలు భయపడాల్సిన విషయం. "బిజినెస్ క్లాస్ సగం ధరకే, ఫోన్ చేయండి" అని వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే వాళ్ళున్నారు. అందరూ దొంగలని అనను. కన్సాలిడేటర్ ఫేర్లని, ఎయిర్‌లైన్స్ ఏజెంట్లకి మాత్రమే ఇచ్చే రేట్లు నిజంగానే ఉంటాయి, నేనూ అవే అమ్మాను. కానీ కొందరు ఎవరివో మైల్స్, అంటే ఎయిర్‌లైన్ ఖాతాలో పోగయ్యే పాయింట్లు, కొని, వాటితో మీ పేరు మీద టికెట్ తీస్తారు. మైల్స్ అమ్ముకోవడం ఎయిర్‌లైన్ నిబంధనలకి విరుద్ధం. పసిగడితే టికెట్ రద్దు చేస్తారు, అది చెక్-ఇన్ కౌంటర్ దగ్గర కూడా జరగొచ్చు. అందుకని రెండు చూడు. పీఎన్ఆర్ రాగానే సంతోషపడకు, అది సీటు పట్టిన గుర్తు మాత్రమే. 13 అంకెల ఈ-టికెట్ నంబరు ఉంటేనే అది టికెట్. మొదటి మూడంకెలు ఎయిర్‌లైన్‌వి: ఎతిహాద్‌కి 607, ఖతార్‌కి 157, ఎమిరేట్స్‌కి 176, ఎయిర్ ఇండియాకి 098. తర్వాత, డబ్బు కట్టిన రశీదులో ఉన్న ఫేరూ టికెట్ మీదున్న ఫేరూ పోల్చు. ఫేరు ఉండాల్సిన చోట పన్నులు తప్ప ఏమీ లేకపోతే అది మైల్స్ టికెట్ కావచ్చు.

సొంత మైల్స్ అయితే వేరే సంగతి. నిజంగా చవకైన బిజినెస్ క్లాస్ అక్కడే ఉంది. మీ ఇద్దరి క్రెడిట్ కార్డుల్లో పాయింట్లు ఏళ్ళ తరబడి పడున్నాయని నువ్వే చెప్పావు. వాటిని షాపింగ్ కూపన్లకి ఖర్చు పెట్టకు. చేజ్, అమెక్స్ కార్డుల పాయింట్లు రెండూ ఎయిర్ కెనడా వాళ్ళ మైల్స్ పథకం ఏరోప్లాన్‌లోకి మారతాయి. వాటితో ఎయిర్ ఇండియా, లుఫ్తాన్సా, ఎతిహాద్ సీట్లు కూడా తీయొచ్చు, అమ్మానాన్నల పేరు మీద తీసినా అభ్యంతరం లేదు. వన్‌వే లెక్కన దొరుకుతాయి కనక ఒకవైపు పాయింట్లు, ఒకవైపు డబ్బు పెట్టుకోవచ్చు. ఒక్కటే జాగ్రత్త: ఒకసారి మార్చిన పాయింట్లు వెనక్కి రావు. ముందు సీటు కనబడాలి, రెండు సీట్లూ కనబడాలి, అప్పుడే మార్చు. మే, జూన్, డిసెంబరు నెలల్లో అలాంటి సీట్ల కోసం కళ్ళు కాయలు కాస్తాయి. ఫిబ్రవరిలోనో సెప్టెంబరులోనో రమ్మను.

ఎయిర్‌లైన్స్ పొరపాటున మరీ తక్కువకి పెట్టేసే రేట్ల సంగతి అడిగావు. ఉంటాయి. 2019 కొత్త సంవత్సరం నాడు కాథే పసిఫిక్ వియత్నాం నుంచి న్యూయార్క్‌కి బిజినెస్ క్లాస్ రానూపోనూ 675 డాలర్లకి అమ్మేసి, తర్వాత మాట నిలబెట్టుకుంది. అందరూ నిలబెట్టుకోరు. పైగా అలాంటివి మన ఊరి నుంచి పడటం అరుదు. వేరే టికెట్ మీద ఇంకో దేశం వెళ్ళి అక్కడ ఎక్కాల్సి వస్తుంది. మొదటి ఫ్లైట్ ఆలస్యమై రెండోది తప్పితే అడిగేవాడు ఉండడు. ఆ సాహసాలు నువ్వూ అల్లుడూ చేసుకోండి.

బిజినెస్సే కదా అని వీల్‌చైర్ మానేయకు. ఏ క్లాసుకైనా అది ఉచితమే, ఎయిర్‌పోర్టులో నడక మాత్రం అందరికీ ఒకటే. భోజనం దగ్గర హిందూ మీల్ అని పెట్టకు, అందులో మాంసం ఉంటుంది. బావగారికి ఏవీఎంఎల్ అని, అంటే ఏషియన్ వెజిటేరియన్ అని పెట్టు. అమెరికాకి బిజినెస్‌లో సాధారణంగా మనిషికి 32 కిలోలవి రెండు పెట్టెలు, అక్క పచ్చళ్ళకి ఇక పట్టపగ్గాలుండవు. కానీ గన్నవరం నుంచి హైదరాబాద్‌కి వేరే టికెట్ తీశావో అక్కడ 15 కిలోల దగ్గరే ఆపేస్తారు. బెజవాడ నుంచి శంషాబాద్‌కి కారులోనే రమ్మను. పచ్చడి సీసాలు చేతి సంచీలో వద్దు, నూనెని సెక్యూరిటీ వాళ్ళు ద్రవం కిందే లెక్కేస్తారు.

సీటు మంచంలా మార్చే బటన్ ఎక్కడుందో వీడియో చూపించు. బావగారు మొహమాటానికి గంట నొక్కరు, రాత్రంతా కూర్చునే ఉంటారు. నొక్కితే విమానం సిబ్బందే వచ్చి పరుపు వేస్తారని ముందే చెప్పు. పడుకునే వీలుంది కదా అని అలాగే ఉండిపోకుండా రెండు మూడు గంటలకోసారి లేచి నడవాలి. అక్క కాళ్ళ వాపు సంగతి డాక్టరుకి చెప్పి కాళ్ళని బిగించి పట్టే సాక్స్ వేసుకోవాలేమో అడగండి.

టికెట్ ఎయిర్‌లైన్ సైట్‌లోనే, అమెరికా నుంచే తియ్యి. ప్రయాణానికి వారమో ఆపైనో గడువుంటే, బుక్ చేసిన 24 గంటల్లోపు రద్దు చేసుకుంటే మొత్తం డబ్బు తిరిగివ్వాలని అక్కడి రూలు. కొన్ని ఎయిర్‌లైన్స్ దీని బదులు డబ్బు కట్టకుండా 24 గంటలు సీటు పట్టి ఉంచుతాయి, నీది ఏ పద్ధతో కట్టే ముందే చూడు. ఏజెంట్ల దగ్గర కొంటే ఆ రూలు వర్తించదు. బుక్ చేసిన వెంటనే ఈ-టికెట్ కాపీ నాకు పంపు, రాత్రయినా ఫర్వాలేదు. ఆ గడువులోగానే చూసి చెబుతాను.

ఇట్లు,
మీ మావయ్య